నడక నాది, గురి వాడిది

మా తమ్ముడు మురళికి తెలుగు చదవడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు, నాకు తప్ప. పుదుచ్చేరిలో తరతరాలుగా పాతుకుపోయిన మాలాంటి వాళ్ళకు తెలుగంటే నోటితో మాట్లాడేదే గాని చేత్తో రాసేది కాదు. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో మాత్రం "యాడికి పోతివి, ఏంది తింటివి". నాకు అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక, యానాం నుంచి బదిలీ మీద మా ఆఫీసుకు వచ్చిన ఒక మేడమ్ పుణ్యమా అని. మధ్యాహ్నం అన్నం డబ్బాలు మూసేశాక పాత కాగితాల వెనకవైపు ఆమె నాచేత అ ఆలు దిద్దించింది. నా మాట విని "మీది తెలుగేనా వసంతగారూ?" అని పగలబడి నవ్వేది. నవ్వితే నవ్విందిగాని ఆ అక్షరాలతోనే ఇవాళ ఈ జ్ఞాపకాలన్నీ రాస్తున్నాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అధ్యాయం రాయడానికి నాకు ధైర్యం వచ్చింది మురళి దీన్ని చదవలేడు కాబట్టే. అది మంచి ధైర్యం కాదని నాకు తెలుసు. తెలిసే మొదలుపెట్టాను.

నాయన పోయాక బజారులో మా ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు, పాత్రల అంగడిని బాడుగకు ఇచ్చేశాం. ఖాళీ చేసే రోజు అటక మీద నుంచి మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, చింతపండుతో తోమి తోమి నాయన విసిగిపోయిన ఒక పెద్ద ఇత్తడి అండా, అన్నీ దించాక చివరికి ఒక పొట్లం దొరికింది. అవ్వ కట్టుకునే నూలు చీర ముక్కలో చుట్టి పురికొసతో కట్టారు. విప్పితే మా పాత కంప్యూటరు కీబోర్డు. తెల్లగా ఉండాల్సింది పసుపు పచ్చగా మారింది. అన్ని మీటల మీదా అక్షరాలున్నాయి, W మీద మాత్రం లేదు, అరిగిపోయి నున్నగా ఉంది. దాని కింద ఒక సీడీ. నేను అక్కడే, దుమ్ములో, నేల మీద చతికిలపడ్డాను. ఆ అక్షరాన్ని అరగదీసిన వేలు నాది. పురికొసకు వేసిన ముడి ఎవరిదో కూడా చూడగానే తెలిసింది. ఒక కొస చేత్తో, రెండో కొస పళ్ళతో పట్టి లాగితే పడే వంకర ముడి అది. మా ఇంట్లో అలా ముడి వేసేవాడు ఒక్కడే.

చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో మురళికి ఎడమ చెయ్యి చచ్చుబడింది. వాడు దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నట్టు పొట్టకు ఆనించుకుని తిరిగేవాడు. కుడి చేత్తో మాత్రం గోలీ కొడితే తగలాల్సిన గోలీకే తగిలేది. అప్పుడు మేం పుదుచ్చేరిలోనే నెల్లితోపు అనే పేటలో ఉండేవాళ్ళం. అంగడి లెక్కలు వేస్తుందని నాయన కంప్యూటరు కొన్నాడు. లెక్కలు మాత్రం చివరిదాకా నాయన తలలోనే ఉండిపోయాయి. కంప్యూటరును నడవలో చెక్క బల్ల మీద పెట్టి, అమ్మ దానికి మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి, దిండు గలీబు లాంటి ఒక ముసుగు కుట్టి తొడిగింది. దాన్ని అమ్మినతను పోతూ పోతూ పిల్లలు ఆడుకుంటారని ఒక సీడీ ఇచ్చిపోయాడు. అందులో ఉంది ఈ ఆట.

ఆటంటే తుపాకీ ఆట. మంచు కొండ మీద శత్రువుల కోట. మనం నడిపే మనిషి కనబడడు, తెర అడుగున వాడి చేతులూ తుపాకీ మాత్రం కనబడతాయి. కోట తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ, కావలివాళ్ళను కాలుస్తూ, లోపలికి పోవాలి. ఇది ఆడాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమ చేత్తో మీటలు నొక్కి నడవాలి, కుడి చేత్తో మౌస్ పట్టుకుని చూడాలి, గురి పెట్టాలి, కాల్చాలి. మొదటిరోజు మురళి మౌస్ పట్టుకుని కూర్చుని, ఆ మంచులో కదలకుండా నిలబడి, నాలుగు దిక్కులూ చూస్తూ ఉండిపోయాడు. నేను పక్కన వచ్చి కూర్చుని W నొక్కాను. మనిషి ముందుకు నడిచాడు.

"నడక్కా, నడు!" అని వాడు అరిచిన అరుపుకు అవ్వ దేవుడి గదిలో నుంచి పరిగెత్తుకొచ్చింది.

అప్పటినుంచి అదే మా పద్ధతి. నడక నాది, గురి వాడిది. నేను డిగ్రీ చదువుతున్నాను, వాడు పన్నెండో తరగతి. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాడు ముసుగు తీసి మడత పెట్టి, రెండు కుర్చీలు వేసి ఉంచేవాడు. ఎడమవైపుది నాకు. తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు భయం వేసేది, వేలు మీట మీద నుంచి తీసేసేదాన్ని. "ఏందక్కా నిలబడితివి? నేనుండా గదా, నడు" అనేవాడు. నడిచేదాన్ని. తలుపు వెనక ఎవడున్నా వాడి కుడి చెయ్యి ఊరుకునేది కాదు.

మా వెనక గోడకు ఆనుకుని, కనకాంబరాలు కట్టుకుంటూ అవ్వ కూర్చునేది. మాది చీమను కూడా నలపని కొంప. వాకిట్లో ముగ్గు బియ్యప్పిండితోనే వెయ్యాలి, ఎందుకంటే చీమలు తింటాయి. అలాంటి ఇంట్లో తుపాకులు పేలుతుంటే అవ్వకు ప్రాణం తల్లడిల్లిపోయేది. కావలివాడు ఒక్కడు పడితే చాలు, "అయ్యో పాపం, ఎవురు కన్న బిడ్డో! అన్నం తిన్నాడో లేదో!" అనేది. అంతలోనే, మురళి గుళ్ళన్నీ గోడకు కొడితే, "ఒక్కడికి అన్ని గుండ్లు ఎందుకురా? లెక్కగా కాల్చు, కోమటి బిడ్డవి గాదా!" అని గదిమేది. పాపమూ అనాలి, పొదుపూ చెప్పాలి, ఆమె పుట్టుక అలాంటిది. ఆఖరికి మాతో ఒక ఒప్పందానికి వచ్చింది. శుక్రవారం రక్తం కళ్ళ చూడకూడదు. శుక్రవారం ఆట వద్దంటే మురళి ఏడుపు మొహం పెట్టాడు. అవ్వ కాస్త ఆలోచించి, "కాల్చేది లేదు. నడిచేదైతే నడవండి" అని తీర్పు ఇచ్చింది.

అందుకని శుక్రవారాలు మేం శుమ్మా నడిచేవాళ్ళం. శుమ్మా అనేది తమిళ మాటైనా మా ఇంటి తెలుగులో అది లేకుండా పూట గడవదు. ఊరికే, ఏ పనీ లేకుండా అని. అంతకుముందే గెలిచిన చోట్లకు, శత్రువులెవరూ మిగలని చోట్లకు పోయి, మంచులో తిరిగేవాళ్ళం. ఇంట్లో శుక్రవారపు సాంబ్రాణి పొగ, వంటింట్లో అమ్మ పులుసుకు పెట్టిన ఇంగువ తాలింపు, బయట బస్సుల హారన్లు, చెమటతో వీపుకు అతుక్కుపోయిన బట్టలు, ఎదురుగా తెర నిండా మంచు. జన్మలో మంచు చూడని వాళ్ళం. "అక్కా, ఆ చెట్టు దగ్గరికి పో" అని వాడంటే పోయేదాన్ని. "ఆకాశం చూపించురా" అని నేనంటే వాడు మౌస్ పైకెత్తి చూపించేవాడు. నిజం చెప్పాలంటే ఆ ఆట మీద పిచ్చి వాడికంటే నాకే ఎక్కువ. కాలేజీలో పాఠం జరుగుతుంటే బల్ల కింద నా మధ్యవేలు W నొక్కుతూ ఉండేది. కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెళ్ళీడు పిల్ల, ఎకనామిక్స్ చదివే పిల్ల, తుపాకీ ఆట కోసం పరిగెత్తుకుని ఇంటికి వస్తుందంటే నవ్వరా? నాకు సిగ్గు.

దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. నా కాలేజీ స్నేహితురాలు హేమ, ఇంకో ఇద్దరితో కలిసి గుగ్గిళ్ళు తీసుకోవడానికి చెప్పినదానికంటే ముందే వచ్చింది. వాళ్ళు గడపలోకి వచ్చేసరికి నేను జుట్టు విరబోసుకుని, కుర్చీ అంచుకు జరిగి, "కాల్చరా, కాల్చు, వెనకాల ఇంకోడుండాడు!" అని గొంతు చించుకుంటున్నాను. హేమ ముక్కు మీద వేలేసుకుంది. ఇదేమిటే, మగపిల్లల ఆట నువ్వు ఆడుతున్నావా అని తమిళంలో అడిగింది. మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. నేను కూడా తమిళంలోనే, ఏమాత్రం తడుముకోకుండా, అన్నాను: "పావం డీ. వాడికి ఒక చెయ్యి రాదు కదా, అందుకని నేను కూర్చుంటున్నాను. నాకేమైనా ఇష్టమా?"

మన పాపమే తమిళంలో పావం. ఒక్క అక్షరం తేడా. జాలికీ అదే మాట, చేసిన తప్పుకూ అదే మాట, రెండు భాషల్లోనూ. హేమ వెంటనే మొహం మార్చి "అయ్యో, పావం" అని మురళి వైపు చూసింది. మిగతా ఇద్దరూ చూశారు. అందరూ వాడి మొహం కాదు, చెయ్యి చూశారు. తెర మీద మా మనిషిని ఎవడో కాలుస్తున్నాడు, తెర ఎర్రగా అవుతోంది, మురళి మౌస్ వదిలేశాడు. లేచి కంప్యూటరు ఆపి, ముసుగు తొడిగి, కుడి చేత్తోనే నాలుగు అంచులూ సరిచేసి, "నీకు పరీక్షలుండాయి గదక్కా, ఇంక చాల్లే" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. అవ్వ మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, గుగ్గిళ్ళు గిన్నెల్లో పెడుతూ, నా మొహం చూడకుండా, "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం మే" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత వాడు రెండు కుర్చీలు వెయ్యలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఇష్టమని ఒప్పుకోవాలి. పరీక్షలయ్యాయి, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయి రెడ్డియార్‌పాళయం వచ్చేశాను. అవ్వ పోయింది. మురళి కంప్యూటర్లే చదివి, పిళ్ళైచావడి దగ్గర ఒక ఆఫీసులో మిషన్లన్నీ తన అదుపులో ఉంచుకుని, అక్కడే పెళ్ళాంతో కాపురముంటున్నాడు. పండక్కి వస్తాడు, నవ్వుతాడు, నా ఫోను పాడైతే బాగుచేస్తాడు. మేం పోట్లాడుకోలేదు, అదే వచ్చిన చిక్కు. పోట్లాడుకుని ఉంటే కలిసిపోయేవాళ్ళం.

పోయిన సంవత్సరం నా లాప్‌టాప్ నత్తలా తయారైతే విండోస్ పీకేసి లినక్స్ పెట్టి ఇచ్చింది కూడా వాడే. "వైరస్ గిరస్ ఏమీ రాదక్కా, ఇంక నిమ్మళంగా కతలు రాసుకో" అన్నాడు. కీబోర్డు పొట్లం ఇంటికి తెచ్చాక దాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. ఆ గుండ్రటి పిన్ను పెట్టడానికి ఇప్పటి మిషన్లలో కన్నమే లేదు. సీడీ మాత్రం గీతలు పడినా మెరుస్తోంది. ఆఫీసులో ఒకరి దగ్గర బయట తగిలించుకునే సీడీ డ్రైవు అడిగి తెచ్చాను. పెట్టి నొక్కితే ఏమీ జరగలేదు. విండోస్ కోసం చేసినది లినక్సులో ఎందుకు నడుస్తుంది? మురళికి ఫోన్ చేసి, ఒక పాత లెక్కల ప్రోగ్రాము నడిపించాలిరా అన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియదు. ఆ ఆట విషయంలో నా నోటికి అబద్ధమే అలవాటు.

విండోస్ ప్రోగ్రాములను లినక్సులో నడిపించే సాధనం ఒకటుందట, దాని పేరు వైన్. నేను ఫోను స్పీకరులో పెట్టి వాడు చెప్పినట్టు చేస్తున్నాను. పక్కన మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాయన పోయాక ఆమె నా దగ్గరే ఉంటోంది.

"వైన్ వేస్తివా అక్కా?"

"వేస్తిని. ఏమీ తెలియలేదే."

"అట్లైతే అది తీసేసి ఇంకొంచెం పాత వైన్ వెయ్యి. పాతదానికి పాత వైనే బాగా పనిచేస్తాది."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ కింద పడింది. "ఏమ్మే వసంతా! పట్టపగలు ఏంది మే ఇది? రేయ్ మురళీ, అక్కకి చెప్పే బుద్ధులారా ఇవి? సందుకొక సారాయి అంగడి ఉండే ఊర్లో మీ నాయన ఒక్కనాడు ఆ గడప తొక్కలేదు గదరా!"

"అమ్మా, అది తాగేది కాదు మా!" అని వాడు ఫోనులో విరగబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ నమ్మలేదు. సాయంత్రానికి పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసి "ఒళ్ళు బాగుందా?" అని అడిగింది.

నవ్వులైతే నవ్వుకున్నాం గాని ఆట లేవడానికి మళ్ళీ మళ్ళీ కూర్చోవలసి వచ్చింది. ముందు సీడీ పెట్టమని అడుగుతుంది, పెట్టే ఉందే అంటే వినదు. మురళి చెబితే వైన్ సెట్టింగుల్లో ఆ డ్రైవును సీడీ అని దిద్దాను. తర్వాత చప్పుడు వస్తుంది, బొమ్మ రాదు. తెర నల్లగా ఉంటుంది, లోపల మంచుగాలి హోరు మాత్రం వినబడుతుంది. ఆ హోరు వినేసరికి నాకు సాంబ్రాణి వాసన వచ్చింది, ఒట్టు. ఆటను విడిగా ఒక చిన్న కిటికీలో తెరిపించే ఏర్పాటు ఉందని చెప్పాడు, పెట్టాను. బొమ్మ వచ్చింది. వచ్చిందన్న సంబరంలో నోరు జారాను. "వచ్చిందిరా! కానీ మౌస్ ఇట్లా అంటే చాలు, మనిషి గిర్రున తిరగతా ఉండాడు!"

"లెక్కల ప్రోగ్రాములో మనిషి ఏందక్కా?" అన్నాడు.

"ముందు ఈ మౌస్ సంగతి చెప్పరా" అన్నాను. వాడు మళ్ళీ అడగలేదు. మౌసును కిటికీలోనే పట్టి ఉంచే గడి ఒకటుంటుంది, దాంట్లో టిక్ పెట్టమని చెప్పి, పని ఉందని ఫోను పెట్టేశాడు. టిక్ పెట్టాను. మనిషి నిలబడ్డాడు. మంచు, చెట్టు, దూరంగా కోట, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒక్కదాన్నే ఆడాను. నాకు రెండు చేతులూ ఉన్నాయి కదా. W నొక్కి మొదటి తలుపు దాకా నా వేలు తనంతట తానే తీసుకుపోయింది. తలుపు తెరుచుకుంది, కావలివాడు ఎదురుగా వచ్చాడు, నేను గోడను కాల్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ గోడనే. నడక వస్తుంది, గురి రాదు. నాకు గురి రాదనే సంగతి కూడా అప్పుడు తెలిసిందంటే ఆ ఆట నేను ఎన్నడూ ఒక్కదాన్నే ఆడలేదని అర్థం. ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోను, ఎవరి ఆట వాళ్ళది, ఒకరి పక్కన ఒకరు కూర్చునే పనే లేదు. అప్పుడు ఇంటికంతా ఒకటే కంప్యూటరు, మా ఇద్దరికీ కలిపి తెర మీద ఒకే మనిషి. వాడికి చెయ్యి లేదని నేను కూర్చోలేదు. నేను కూర్చుంటానని వాడు రోజూ నాకు కుర్చీ వేశాడు. అది వాడికి చెప్పాలి, నాకు ఇష్టమేనని, చచ్చేంత ఇష్టమని. ఆ ఒక్క మాట చెబితే చాలు, వాడి మనసులో ముల్లు ఊడిపోతుందని ఇన్నేళ్ళుగా నా నమ్మకం. చెప్పే ధైర్యం లేక వాడు చదవలేని అక్షరాల్లో రాసుకున్నాను.

ఇక్కడిదాకా రాశాక నా మీద నాకే అసహ్యం వేసింది. మురళిని రమ్మన్నాను. నిన్న వచ్చాడు. అమ్మ కాఫీ పెట్టి ఇచ్చింది. నేను లాప్‌టాప్ తీసి, "ఒకటి చదువుతా, వినరా" అని మొదటి వాక్యం నుంచి చదివాను. "మా తమ్ముడు మురళికి తెలుగు చదవడం రాదు" అన్నప్పుడు నవ్వాడు. అవ్వ మాటలకు నవ్వాడు. కొలువు దగ్గరికి వచ్చేసరికి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. నేను ఆపకుండా చదివాను. అమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. ఆమెకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

మురళి తన ఎడమ చేతిని చూసుకున్నాడు. "నీకు ఇష్టమని నాకు ఆ పొద్దే తెలుసక్కా" అన్నాడు. "అక్షరం అరిగిపోయేట్టు నొక్కితివి. ఇష్టం లేకుండా ఎవురన్నా అట్లా నొక్కుతారా?"

"తెలిస్తే మరి..."

"నిజంగా పావమని కూర్చోనుంటే నాకేమీ బాధ లేదు. ఊరంతా అనేదే, అలవాటే. నీకు ఇష్టం. ఆ ఇష్టం దాచేదానికి నా చెయ్యి అడ్డం పెడితివి చూడు. దానికి వచ్చింది కోపం."

మందనుకుని నేను ఇన్నేళ్ళు దాచుకున్న మాట వాడికి ముందే తెలుసు, నొప్పి ఉన్నదే అక్కడ. నాకు అది తట్టనే లేదు. "తప్పయిపోయిందిరా" అన్నాను. వాడు పరవాలేదు అనలేదు. అనాలని నేను ఎదురుచూశాను, సిగ్గు లేకుండా. అనలేదు.

లేచి, భోజనాల బల్ల దగ్గరి నుంచి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి నాకు కుడి పక్కన వేసుకున్నాడు. నేను రాసినదాన్ని మూసి, ఆట తెరిచాడు. గాలి హోరు మొదలైంది. మౌస్ కొంచెం కదిపి, ఆకాశం ఒకసారి చూసి, కిందికి దించాడు.

"ఈ పొద్దు శుక్రవారం" అన్నాడు, తెర వైపే చూస్తూ. "కాల్చేది లేదు. నడక్కా."